చేపల అప్పులోంచి పుట్టిన నవ్వు: ఉత్తర నార్వే యాస, హాస్యం, అలవాట్లు

నార్వేలో చాలామంది నమ్మే మాట ఒకటుంది. దేశంలో ఇంకెక్కడైనా పోలీసును బూతు తిడితే జరిమానా తప్పదు గానీ, ఉత్తర నార్వేలో మాత్రం "హెస్ట్‌కుక్" అన్నా ఏమీ కాదట. మగ గుర్రం ఒంట్లో ఒక భాగాన్ని ఆ మాట సూచిస్తుంది. ఏ భాగమో విడమరచి చెప్పనక్కర్లేదు. నార్వే శిక్షాస్మృతిలో ఇలాంటి ప్రాంతీయ మినహాయింపేమీ రాసిపెట్టి లేదు. అయినా ఈ కథ ఏళ్ల తరబడి నిలిచింది. దక్షిణాది వాళ్లు దీన్ని చెప్పుకుని నవ్వుతారు, ఉత్తరాది వాళ్లు కాస్త గర్వంగానే ఒప్పుకుంటారు. అక్కడ బూతుకు బరువు వేరు, అక్కడి మనుషుల మాట తీరే అంత అని దేశం మొత్తం మౌనంగా ఒప్పందం చేసుకున్నట్టు ఉంటుంది.

నూర్లాండ్, ట్రోమ్స్, ఫిన్‌మార్క్ అనే మూడు జిల్లాలను కలిపి ఉత్తర నార్వే అంటారు. నార్వే ప్రధాన భూభాగంలో మూడో వంతుకు పైగా ఇక్కడే ఉంది. జనాభా మాత్రం ఐదు లక్షలకు కాస్త తక్కువ, అంటే దేశ జనాభాలో పదో వంతు కూడా కాదు. ఎక్కువ భాగం ఆర్కిటిక్ వలయానికి పైనే ఉంటుంది. మనుషులంతా సముద్రపు ఒడ్డును పట్టుకుని బతుకుతారు. లోపలి భాగంలో, ముఖ్యంగా ఫిన్‌మార్క్ పీఠభూమి మీద, సామీ అనే ఆదివాసీ ప్రజల రెయిన్‌డీర్ మందలు ఉంటాయి. కారాషోక్ అనే ఊళ్లో 1886 జనవరి 1న నమోదైన మైనస్ 51.4 డిగ్రీల చలి నార్వేలో ఇప్పటికీ రికార్డు.

ఈ అంకె చెప్పగానే అందరూ వేసే లెక్క ఒకటే. చలి, చీకటి, తుపాను, వాటిని తట్టుకోవడానికే ఈ మొరటు హాస్యం అంటారు. పర్యాటక కరపత్రాలన్నీ ఇదే రాస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ సరిపోదు. అదే చలి, అదే చీకటి పక్కనే ఉన్న ఉత్తర స్వీడన్‌కూ, ఉత్తర ఫిన్లాండ్‌కూ ఉన్నాయి. అక్కడి జనానికి పేరొచ్చింది మౌనానికి. ఉత్తర నార్వే తీరం వాళ్లకు పేరొచ్చింది వాగుడుకు, కోతలకు, బూతులకు, పెద్దమనిషిని పెద్దమనిషిగా చూడకపోవడానికి. తేడా వాతావరణంలో లేదు. ఎండు చేప ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది, లాభం ఎక్కడ తేలింది అన్న దగ్గర ఉంది.

ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపల గుంపులు గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ దీవుల దగ్గరకు వస్తాయి. ఈ వలస కాడ్‌ను అక్కడ "స్క్రై" అంటారు. పట్టిన చేపను ఉప్పు కూడా వేయకుండా జతలుగా తోకలు కట్టి, కొయ్య పందిళ్ల మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా వీచే చల్లటి గాలికి అది కట్టెలా ఎండుతుంది. ఈ ఎండు చేప ఇటలీ దాకా వెళ్తుంది. తలలు నైజీరియాకు వెళ్తాయి, అక్కడ పులుసుల్లో వాడతారు. వెయ్యేళ్ల నుంచి ఉత్తర తీరాన్ని ప్రపంచంతో కలిపింది ఈ సరుకే.

పట్టేది ఉత్తరాది వాళ్లే అయినా వ్యాపారం శతాబ్దాల పాటు దక్షిణాన ఉన్న బెర్గెన్ రేవు చేతిలో ఉండేది. మొదట హాన్సా అనే వర్తక కూటమికి చెందిన జర్మన్లు, తర్వాత బెర్గెన్ సేఠులు. జాలరి చేపను పడవల్లో బెర్గెన్ పంపి, బదులుగా ధాన్యం, తాళ్లు, గాలాలు తెచ్చుకునేవాడు. ధాన్యం ముందే అప్పుగా వచ్చేది, చేప తర్వాత వెళ్లేది. కాబట్టి లెక్క పుస్తకంలో జాలరి పేరు ఎప్పుడూ అప్పు వైపే ఉండేది, తండ్రి అప్పు కొడుకు మీదికి వచ్చేది. ఊళ్లో ఇంకో యజమాని ఉండేవాడు. రేవు, గుడిసెలు, కొట్టు, చేపలు కొనే హక్కు అన్నీ ఆయనవే. జాలరి ఆయన గుడిసెలో పడుకుని, ఆయన కొట్టులో సరుకు కొని, ఆయనకే చేప అమ్మేవాడు. పైన చర్చి పాస్టరు, న్యాయాధికారి, పన్నుల అధికారి ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణం నుంచో, అప్పట్లో నార్వేను ఏలిన డెన్మార్క్ నుంచో వచ్చి డానిష్‌లో రాసే, డానిష్ ధోరణిలో మాట్లాడే మనుషులు.

ఈ మనుషుల ఎదుట జాలరికి డబ్బు లేదు, హోదా లేదు, పుస్తక భాష లేదు. ఉన్నదల్లా నోరు. అక్కడి పాత హాస్య కథలు పట్టుకుని చూస్తే వాటిలో సగానికి సగం ఒకే అమరిక కనిపిస్తుంది. ఒక వైపు పాస్టరో, వ్యాపారో, కొత్తగా వచ్చిన డాక్టరో. రెండో వైపు ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకున్న ముసలి జాలరి. పెద్దమనిషి నాలుగు మంచి మాటలు చెప్తాడు, ముసలాయన ఒక్క వాక్యం అంటాడు, కథ అయిపోతుంది. ఆ వాక్యంలో బూతు ఉంటే, అది పెద్దమనిషిని తన మాటల స్థాయి నుంచి కిందికి దించడానికే ఉంటుంది.

సముద్రం అప్పు నుంచి బయటపడటానికి చాలా కాలం పట్టింది. లోఫోటెన్ సముద్రంలో చేపలు పట్టడం మీద యజమానుల పట్టును 1857 చట్టం తొలగించింది. 1890లో ఆవిరి ఓడల యజమానులు ట్రోల్‌ఫియోర్డ్ అనే ఇరుకు సముద్రపు పాయను వలలతో మూసేస్తే, చిన్న పడవల వాళ్లు ఎదురుతిరిగి గొడవకు దిగారు. 1938లో వచ్చిన చట్టం అసలైన మలుపు. పట్టిన చేపను అమ్మే హక్కు జాలర్ల సొంత సంఘం చేతికి వచ్చింది. రేవు దగ్గర మొదటి ధర నిర్ణయించేది ఇక వ్యాపారి కాదు. హాస్యం మాత్రం ఆ తర్వాత కూడా పాత శత్రువును వదల్లేదు. వ్యాపారి స్థానంలోకి రాజధాని ఓస్లోలోని ప్రభుత్వం వచ్చింది, అంతే తేడా.

ఈ కథలు ఎక్కడ తయారయ్యేవో కూడా చెప్పుకోవాలి. 19వ శతాబ్దం చివర్లో కొన్ని సీజన్లలో లోఫోటెన్‌కు 30 వేల మందికి పైగా జాలర్లు వచ్చేవారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు ఆవును, పొలాన్ని, పిల్లలను చూసుకుంటే, మగవాళ్లు మూడు నెలలు "రోర్‌బూ" అనే చిన్న కొయ్య గుడిసెల్లో ఇరుక్కుని ఉండేవారు. ఒక గుడిసెలో ఒక పడవ మనుషులంతా, ఒక్కోసారి రెండు పడవల మనుషులు. గాలి ఎక్కువగా ఉన్న రోజు సముద్రంలోకి వెళ్లడం కుదరదు. తడి బట్టలు, పొయ్యి, కాఫీ, కబుర్లు. నూర్లాండ్, ట్రోమ్స్ జిల్లాల్లో వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఒకళ్ల యాసను ఒకళ్లు ఎగతాళి చేస్తూ, ఊరికో ముద్దుపేరు పెడుతూ, కోతలు కోస్తూ కాలం గడిపేవారు. సీజన్ అయ్యాక ఆ కథలన్నీ తీరం పొడుగునా ఊరూరికీ చేరేవి. ఒక ప్రాంతం మొత్తానికి ఒకే రకం హాస్యం అబ్బడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

కోత కథలకు అక్కడ "స్క్రోనె" అని పేరుంది. చెప్పేవాడు నవ్వకూడదు, వినేవాడు నమ్మినట్టు ఉండాలి. దీనికి తోడు దేన్నీ తగ్గించి చెప్పడం ఇంకో లక్షణం. పైకప్పు లేచిపోయే తుపానును కొంచెం గాలి అంటారు. ప్రమాదాన్ని చిన్నది చేస్తారు, చేపను పెద్దది చేస్తారు. ఈ కథల్లో కొన్నింటిని సేకరించి 1942లో ఒక పుస్తకంగా తెచ్చిన ఇద్దరిలో పేటర్ వెసెల్ సాప్ఫె ఒకడు. ట్రోమ్స్ జిల్లాలోని ట్రోమ్సో ఊళ్లో పుట్టిన సాప్ఫె (1899–1990) తత్వవేత్తగా ప్రసిద్ధుడు. మనిషికి తెలివి ఎక్కువై పుట్టడమే ఒక విషాదమని, ఈ జాతి కొనసాగకపోవడమే మేలని వాదించినవాడు. యూరప్ తత్వశాస్త్రంలో ఇంత నిరాశావాది అరుదు. అలాంటి మనిషి జాలర్ల నవ్వు కథలు పోగేశాడంటే ఆశ్చర్యంగా అనిపించవచ్చు. ఆ కథలు చదివితే పెద్దగా అనిపించదు. చావును పక్కన పెట్టుకుని చెప్పినవే వాటిలో చాలా ఉన్నాయి. మునిగిపోయిన జాలరి దయ్యమై, సగం విరిగిన పడవలో తుపాను రాత్రి తెడ్డు వేసుకుంటూ వస్తాడన్న "ద్రౌగ్" కథ ఆ తీరంలో ఊరూరా ఉంది. భయపెట్టే కథే అయినా, ఆ సగం పడవ వివరంలో ఏదో కొంటెతనం ఉంది.

పాస్టర్లందరూ ఈ కథల్లో ఓడిపోరు. ఒకాయన మాత్రం జాలర్ల వైపు మనిషి. ఆల్స్టాహౌగ్ పాస్టరు, కవి పేట్టర్ దాస్ (సుమారు 1647–1707) సొంతంగా చేపల వ్యాపారం చేసినవాడు, బెర్గెన్ అప్పుల సంగతి దగ్గర్నుంచి చూసినవాడు. ఉత్తర నార్వే తీరాన్ని, వాతావరణాన్ని, చేపలను, మనుషులను వర్ణిస్తూ పెద్ద కావ్యమే రాశాడు. ఆయన పోయాక పడవల తెరచాపల మీద చిన్న నల్లగుడ్డ కుట్టుకుని చాలాకాలం సంతాపం పాటించారని చెబుతారు. ఆయన మీద ఒక జానపద కథ ఉంది. క్రిస్మస్ రోజున కోపెన్‌హాగన్‌లో రాజు ఎదుట ప్రసంగించమని కబురు ఆలస్యంగా అందిందట. అంత దూరం వెళ్లడానికి వేరే దారి లేక, దాస్ సైతానును పిలిచి వీపు మీద మోసుకుపొమ్మన్నాడట. కూలి ఏమిటంటే, ప్రసంగం వింటూ నిద్రపోయినవాళ్ల ఆత్మలన్నీ సైతానుకు. దాస్ చెప్పిన తీరుకు చర్చిలో ఒక్కడు కూడా కన్ను మూయలేదు. సైతానుకు మోత మిగిలింది, కూలి దక్కలేదు. అప్పు ఎగ్గొట్టడం ఎలాగో ఇంత ముచ్చటగా చెప్పిన కథ ఇంకోటి ఆ తీరంలో కనిపించదు.

ఈ సైతాను బూతుల్లోనూ ఉంటాడు. నార్వే తిట్లలో ఎక్కువ భాగం నరకం, సైతాను చుట్టూనే తిరుగుతాయి. ఉత్తరాన వాటికి శరీర భాగాలు తోడవుతాయి. తేడా వాడుకలో ఉంది. దక్షిణాన తిట్టు కోపానికి గుర్తు. ఉత్తరాన పాత స్నేహితుడిని చూసిన సంతోషానికీ, మెచ్చుకోలుకూ, బాధకూ, ఊరికే వాక్యం ఆగకుండా సాగడానికీ కూడా తిట్టే పనికొస్తుంది. కాబట్టి కొత్తవాడికి టెన్షన్ పుట్టేది తిట్టినప్పుడు కాదు. బూతులు మానేసి మర్యాదగా మాట్లాడటం మొదలుపెడితే అప్పుడు జాగ్రత్తపడాలి. గౌరవ వాచకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. నార్వే అంతటా ఇప్పుడు అందరినీ ఏకవచనంలోనే పిలుస్తారు. తీరం వాళ్లు ఈ విషయంలో దేశం కంటే ముందు నుంచీ అంతే.

నార్వేలో రాయడానికి రెండు ప్రమాణ రూపాలున్నాయి, మాట్లాడటానికి అధికారికంగా ఒక్కటీ లేదు. పార్లమెంటు సభ్యుడు, టీవీలో వార్తల విలేఖరి, విశ్వవిద్యాలయ ఆచార్యుడు తమ ఊరి యాసలోనే మాట్లాడతారు. ఉపాధ్యాయుడు వీలైనంత వరకు పిల్లల సొంత మాటలోనే పాఠం చెప్పాలని పార్లమెంటు 1878లోనే నిర్ణయించింది. ఈ స్వేచ్ఛలో ఉత్తరాది యాసలు తమ రంగు కాపాడుకున్నాయి. "నేను" అనడానికి పుస్తక భాషలో ఉన్న మాట అక్కడ ఒకే ఒక అచ్చుగా, "క్యాట్" అన్నప్పుడు వినిపించే అచ్చుగా కుదించుకుపోతుంది. ప్రశ్నార్థకాలన్నీ "వ" వదిలి "క" పట్టుకుంటాయి. "వా" అనాల్సింది "కా", "వెమ్" అనాల్సింది "కెమ్". సాల్టెన్, లోఫోటెన్, వెస్టరోలెన్ వైపు మాట చివరి అచ్చులు మింగేస్తారు. మధ్యలో ఊపిరి లోపలికి పీలుస్తూ "యా" అని ఒప్పుకునే అలవాటు ఒకటుంది. తెలియనివాళ్లు ఆయాసం వచ్చిందనుకుంటారు.

వీటన్నిటిలో అందమైనది వాతావరణం గురించి మాట్లాడే పద్ధతి. పుస్తక భాషలో "గాలి వీస్తోంది", "చలిగా ఉంది" లాంటి వాక్యాల్లో నపుంసక లింగపు సర్వనామం వాడతారు. ఉత్తరాన అక్కడ మగవాడి సర్వనామం వస్తుంది. అతను ఇవాళ వాయువ్యం నుంచి వీస్తున్నాడు, అతను చల్లబడుతున్నాడు, రాత్రికి అతను సర్దుకుంటాడేమో అంటారు. ఎవరా అతను అని ఎవరూ అడగరు. రోజూ లేవగానే ముందు తెలుసుకోవాల్సింది ఆయన మూడ్ ఎలా ఉందన్నదే. పుస్తకంలో వ్యాపారి లెక్క, ఆకాశంలో ఈయన లెక్క. జాలరి ఈ ఇద్దరి మధ్య బతికాడు.

స్వేచ్ఛ కాగితం మీద ఉన్నా, చాలాకాలం ఈ యాస వల్ల చిన్నచూపు తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చదువుకో పనికో ఓస్లో వెళ్లిన ఉత్తరాది యువకులకు గది దొరకడం కష్టమయ్యేది. అద్దె ప్రకటనల్లో "ఉత్తరాది వాళ్లు వద్దు" అని రాసేవారని ఆ తరం ఇప్పటికీ గుర్తు చేసుకుంటుంది. తాగుతారు, అరుస్తారు, బూతులు మాట్లాడతారు అన్నది కారణం. చాలామంది దక్షిణం వెళ్లగానే యాస మార్చేసుకునేవారు.

1970ల్లో లెక్క తిరగబడింది. ఉత్తరాది పిల్లలు ఉత్తరానే చదువుకునేలా ట్రోమ్సోలో విశ్వవిద్యాలయం పెట్టాలని పార్లమెంటు 1968లో నిర్ణయించింది, అది 1972లో మొదలైంది. 1971లో పెట్టిన హోలోగాలాండ్ థియేటర్ రంగస్థలం మీద ఊరి యాసతోనే నాటకాలు ఆడింది, అదీ ఖాళీ అయిపోతున్న తీర గ్రామాల గురించి. పాటగాళ్లు యాసలో పాటలు కట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు. దేశం మొత్తాన్ని ఆ యాసకు అలవాటు చేసింది మాత్రం ఆర్థర్ ఆర్న్‌ట్సెన్ సృష్టించిన ఓలుఫ్ అనే పాత్ర. 1937లో పుట్టిన ఆర్న్‌ట్సెన్ ట్రోమ్సోలో పత్రికా విలేఖరిగా పనిచేసినవాడు. ఓలుఫ్ చిన్న ఊరి పేద మనిషి, కోతలరాయుడు, లోకజ్ఞానం బొత్తిగా లేనట్టు కనిపిస్తూ అందరికంటే ఎక్కువ గమనించేవాడు. రోర్‌బూలో పుట్టిన ముసలి జాలరే స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నాడని చెప్పాలి.

ఓలుఫ్ మేలు చేశాడా కీడు చేశాడా అన్నదాని మీద వాదన ఉంది. ఇన్నాళ్లూ దాచుకున్న యాసను తలెత్తుకుని వాడుకునేలా చేశాడన్నది నిజం. దక్షిణాది ప్రేక్షకుడు ముందే మనసులో గీసుకున్న బొమ్మకు రంగులు పూశాడన్నదీ నిజమే. ఉత్తరాది వాడు నోరు తెరిస్తే జోకు రావాలన్న అంచనా అప్పటి నుంచి పెరిగింది. గంభీరమైన విషయం చెప్పబోయే ఉత్తరాది రాజకీయ నాయకుడు, శాస్త్రవేత్త మొదట ఆ నవ్వును దాటాలి. అయినా రెండింట్లో మొదటిదే బరువైనదని అనిపిస్తుంది. తన మీద తాను జోకు వేసుకునే హక్కు చేతికి వచ్చాక, ఇంకొకడు వేసే జోకు పదును తగ్గుతుంది.

ఇక్కడ ఆగితే కథ సగమే చెప్పినట్టు. కింద ఉన్నవాడు పైవాడిని చూసి నవ్వాడన్నది ఎంత నిజమో, ఆ కింద ఉన్నవాడు తనకంటే కింద ఉన్నవాడిని చూసి నవ్వాడన్నదీ అంతే నిజం. తీరప్రాంత హాస్య కథల్లో సామీ మనిషి చాలాసార్లు అమాయకుడిగానో తాగుబోతుగానో వస్తాడు. నార్వేజియన్ సరిగ్గా రాని అతని ఉచ్చారణే అక్కడ జోకు. 19వ శతాబ్దం మధ్య నుంచి వందేళ్లకు పైగా ప్రభుత్వం సామీలను, ఫిన్నిష్ మూలాలున్న క్వెన్‌లను నార్వేజియన్లుగా మార్చే విధానం నడిపింది. బడిలో వాళ్ల భాష మాట్లాడనివ్వలేదు. 1878 నిర్ణయంలోని "పిల్లల సొంత మాట"లో సామీ పిల్లల మాటకు చోటు దొరకలేదు. చాలా తీర గ్రామాల్లో ఒకటి రెండు తరాల్లోనే భాష మాయమైంది. ఫిన్‌మార్క్ తీరంలో వినిపించే నార్వేజియన్ మిగతా ఉత్తరాది యాసల కంటే పుస్తక భాషకు దగ్గరగా ఉండటానికి ఇదొక కారణం. బడిలో పుస్తకం నుంచి నేర్చుకున్న భాష అది. ఈ విధానం మీద వేసిన సత్యశోధన, సయోధ్య కమిషన్ తన నివేదికను 2023 జూన్‌లో ఇచ్చింది, 2024 నవంబరులో పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఉత్తరాది హాస్యాన్ని పొగిడే వ్యాసాలు ఈ అధ్యాయాన్ని తరచూ దాటేస్తాయి.

భాషల మధ్య నవ్వులాట ఇంకోలా కూడా సాగింది. 18వ శతాబ్దం చివరి నుంచి 1917 రష్యన్ విప్లవం దాకా, వేసవిలో తెల్ల సముద్రం వైపు నుంచి రష్యన్ పడవలు వచ్చేవి. వాళ్లు పిండి తెచ్చేవారు, చేప తీసుకెళ్లేవారు. బెర్గెన్ సేఠు మధ్యలో లేని బేరం కాబట్టి జాలరికి ఇది పండగ లాంటిది. ఈ బేరాల కోసం నాలుగు వందల మాటలున్న చిన్న మిశ్రమ భాష పుట్టింది. సగం మాటలు నార్వేజియన్, సగం రష్యన్, కొన్ని ఇంకెక్కడివో. దాన్ని "మోయా పో త్వోయా" అనేవారు, అంటే "నేను నీ మాటలో" అని. పేరులోనే ఎవరికి వారు ఎదుటివాడి భాష మాట్లాడుతున్నామన్న ధీమా ఉంది.

అలవాట్లలోకి వస్తే సూర్యుడితో మొదలుపెట్టాలి. ట్రోమ్సోలో నవంబరు చివర్లో పోయిన సూర్యుడు జనవరి మధ్యలో దిగంతం పైకి వస్తాడు. కొండలు అడ్డం కాబట్టి పండగ మాత్రం జనవరి 21న. ఆ రోజు బేకరీల ముందు క్యూలు ఉంటాయి. నూనెలో వేయించి, లోపల జామ్ పెట్టి, పైన పంచదార చల్లిన గుండ్రటి బన్నులు కొనుక్కుని తింటారు, వాటిని సూర్యుడి బన్నులు అంటారు. బడి పిల్లలను బయటికి తీసుకెళ్లి సూర్యుడిని చూపిస్తారు. మబ్బు పట్టి సూర్యుడు కనిపించకపోతే బన్నులైనా తింటారు. మే 20 నుంచి జూలై 22 దాకా అదే ఊళ్లో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి పూట ఇంటికి రంగులు వేసుకునేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు కనిపిస్తారు. నిద్రకు వేళ అంటూ ఉండదు.

తిండిలో చలికాలపు రాజు "మోల్యె". తాజా కాడ్ ముక్కలు, దాని కాలేయం, దాని గుడ్ల సంచి వేర్వేరుగా ఉడికించి ఒకే పళ్లెంలో పెడతారు. ఎండ ముఖం కనిపించని నెలల్లో విటమిన్ డి అంతా ఆ కాలేయంలోనే ఉందని శాస్త్రం తర్వాత చెప్పింది. సగం ఎండిన చేప "బోక్నఫిస్క్" వసంతకాలం వంట. చేప తలల నుంచి నాలుకలు కోసే పని లోఫోటెన్, వెస్టరోలెన్ ఊళ్లలో పిల్లలది. ఇనుప మేకుకు తలను గుచ్చి ఒక్క కోతతో నాలుక తీస్తారు. నాలుకల మీద వచ్చిన డబ్బు వాళ్లదే. పదేళ్ల పిల్లవాడు సొంత సంపాదనతో తిరగడం, ధర గురించి కొనేవాడితో వాదించడం అక్కడ వింతేమీ కాదు. మేలో ట్రోమ్సోలో సముద్రపు కాకుల గుడ్లు ఉడకబెట్టుకుని, 1877లో ఆ ఊళ్లోనే మొదలైన మాక్ బీరుతో తింటారు. కాఫీ అయితే ఎప్పుడైనా సరే. పొడి నేరుగా నీళ్లలో వేసి మరిగించిన పాత పద్ధతి కాఫీకి ఇప్పటికీ అభిమానులున్నారు. ముందు ఫోన్ చేయకుండా పొరుగింటికి వెళ్లి కూర్చోవడం దక్షిణాది నగరాల్లో మొరటుతనం, ఇక్కడ మామూలు సంగతి.

నోటికి అదుపు లేని ఈ జనం పడవ ఎక్కగానే మాట జాగ్రత్తగా వాడేవారు. కొన్ని మాటలు సముద్రం మీద అనకూడదని నార్వే తీరంలో చాలాచోట్ల పట్టింపు. ఈల వేస్తే గాలి లేస్తుందని భయం. అనకూడని మాటల్లో గుర్రం కూడా ఒకటి. ఒడ్డు మీద పోలీసును తిట్టడానికి పనికొచ్చిన జంతువు పేరు పడవలో నోట రాకూడదు. చట్టం కంటే సముద్రానికే ఎక్కువ భయపడ్డారన్నమాట.

దక్షిణం మీద అనుమానం జోకుల్లోనే ఆగిపోలేదు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి వెళ్తూ ఫిన్‌మార్క్‌ను, ఉత్తర ట్రోమ్స్‌ను తగలబెట్టింది. సుమారు 50 వేల మందిని బలవంతంగా తరలించింది. యుద్ధం అయ్యాక, ఇళ్లు కట్టేదాకా తిరిగి వెళ్లవద్దని ప్రభుత్వం చెప్పినా జనం ఆగలేదు. బూడిద మీద గుడిసెలు వేసుకుని ఉన్నారు. యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అని 1994లో అడిగితే మూడు జిల్లాలూ 70 శాతం పైన వద్దన్నాయి. చేపల మీద నిర్ణయాలు ఇంకా దూరంగా ఉన్న ఊరికి వెళ్తాయన్నది వాళ్ల బెంగ. ట్రోమ్స్, ఫిన్‌మార్క్ జిల్లాలను కలిపేస్తామంటే ఫిన్‌మార్క్‌లో 2018లో ఓటు పెట్టుకున్నారు. ఓటేసినవాళ్లలో 87 శాతం వద్దన్నారు. అయినా 2020లో కలిపారు. 2024 జనవరి 1న మళ్లీ విడదీశారు.

ఫుట్‌బాల్‌లో ఈ పాత లెక్క ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దూరం ఎక్కువ, ఆట నాసి అన్న సాకుతో ఉత్తరాది జట్లను 1963 దాకా జాతీయ కప్‌లో ఆడనివ్వలేదు. మొదటి శ్రేణి లీగ్‌లో వాళ్ల మొదటి జట్టు కనిపించింది 1972లో. ఆ తర్వాత కూడా దక్షిణాది గ్రూపుల్లో గెలిచిన జట్లు నేరుగా పైకి వెళ్తే, ఉత్తరాది విజేత మాత్రం అదనంగా పోటీ మ్యాచ్‌లు నెగ్గాలి. బోడో ఊరి జట్టు బోడో/గ్లిమ్ట్ 1975లో జాతీయ కప్ గెలిచి కూడా ఆ ఏడాది పై శ్రేణిలోకి రాలేకపోయింది. ఆ జట్టుకు ఊరి అభిమానులు కనిపెట్టిన చిహ్నం సింహమూ కాదు, డేగా కాదు. మనిషి కంటే ఎత్తున్న పసుపు పచ్చ టూత్‌బ్రష్. 1970ల నుంచి స్టేడియంకు దాన్నే మోసుకెళ్తున్నారు. అదే జట్టు 2020లో లీగ్ గెలిచిన తొలి ఉత్తరాది జట్టయింది, 2021 అక్టోబరులో ఇటలీకి చెందిన రోమాను 6–1తో ఓడించింది, 2025లో యూరోపా లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఒకప్పుడు ఎండు చేప దిగిన ఇటలీ గడ్డ మీదికి ఇప్పుడు ఉత్తర తీరపు అభిమానులు ఆ బ్రష్‌తో వెళ్తున్నారు.